గిల్బోవ కొండపై మరణము: కారుణ్య మరణ చర్చలో 2 సమూయేలు 1:1-16 వినియోగము – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

కారుణ్య మరణమును గూర్చి సంఘములో ప్రశ్న పుట్టినప్పుడు మన బోధకులు సాధారణముగా రెండు వాక్యభాగములను చూపుదురు. ఒకటి నరహత్యను నిషేధించు ఆజ్ఞ (నిర్గమ. 20:13). రెండవది, సౌలును తానే చంపితినని చెప్పుకొనిన అమాలేకీయునికి దావీదు విధించిన మరణశిక్ష (2 సమూ. 1:1-16). మొదటిది సూత్రము, రెండవది దానికి దృష్టాంతము అన్నట్లు ఈ వాడుక స్థిరపడిపోయినది. బాధలో ఉన్నవాడు తానే అడిగినను, అతడు బ్రదుకడని నిశ్చయముగా తెలిసినను, ప్రాణము తీసినవాడు దోషియేనని ఈ భాగము తీర్మానించుచున్నదని చెప్పుదురు. అంతటితో ఆగక, అదే తీర్మానమును వెంటిలేటరు తొలగించుటకును, డయాలసిస్ మానుకొనుటకును కూడ అన్వయించుచున్నారు.

ఈ వాక్యభాగము ఇంత భారమును మోయగలదా అనునదే మా ప్రశ్న. కారుణ్య మరణమును సమర్థించుట మా ఉద్దేశము కాదు. ప్రాణము తీయవలెనను సంకల్పముతో సూదిమందు ఇచ్చుట క్రైస్తవ నీతికి విరుద్ధమనియే మేమును నమ్ముచున్నాము. అయితే సరియైన ముగింపునకు సరికాని వాక్యాధారము చూపినయెడల, ఆ ఆధారము తనకు సంబంధము లేని చోట కూడ తీర్పు తీర్చును. ఆ నష్టమును భరించునది ప్రసంగీకుడు కాదు, ఆసుపత్రి వరండాలో నిలిచియున్న కుటుంబము.

1. ఒకే పేరు, మూడు క్రియలు

వాక్యభాగములోనికి వెళ్లకముందు పదమును సరిచేసికొనవలెను. కారుణ్య మరణమను ఒక్క పేరు క్రింద మూడు వేర్వేరు క్రియలను కలిపి మాటలాడుచున్నాము. రోగి కోరికపై వైద్యుడే ప్రాణాంతకమైన మందు ఇచ్చుట మొదటిది. రోగి తానే ప్రాణము తీసికొనుటకు వైద్యుడు మందు సమకూర్చి ఇచ్చుట రెండవది. స్వస్థత కలుగజేయలేక, మరణమును కొంతకాలము వాయిదా మాత్రమే వేయుచున్న చికిత్సను ఆపుట లేక మొదలుపెట్టకుండుట మూడవది.

నెదర్లాండ్స్, బెల్జియం దేశములు 2002లో మొదటి క్రియను చట్టబద్ధము చేసినవి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రములో 1997 నుండి రెండవది మాత్రమే అమలులో ఉన్నది. కెనడా 2016లో చట్టము చేసి, 2021లో మరణము సమీపముగా లేనివారికి కూడ దానిని విస్తరింపజేసినది. మన దేశములో మొదటి రెండును నేరములే. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము కామన్ కాజ్ కేసులో అనుమతించినది మూడవ దానిని మాత్రమే. మన ప్రసంగములలో ఈ భేదము కనబడదు. “భారతదేశములో కూడ చంపుటకు అనుమతి వచ్చినది” అను మాట ప్రసంగపీఠము మీదనుండి వినబడుట విచారకరము.

2. ఒక మరణమునకు నలుగురు కర్తలు

సౌలు మరణమును గూర్చి లేఖనములో ఉన్నది ఒకే కథనము కాదు. 1 సమూ. 31:4లో సౌలు తన కత్తిమీద తానే పడెను. 2 సమూ. 1:10లో అమాలేకీయుడు తానే అతనిని చంపితినని చెప్పుచున్నాడు. 2 సమూ. 21:12లో గిల్బోవలో సౌలును హతము చేసినవారు ఫిలిష్తీయులని చదువుచున్నాము. 1 దిన. 10:14లో యెహోవాయే అతనికి మరణశిక్ష విధించినట్లు గ్రంథకర్త వ్రాయుచున్నాడు.

మొదటి రెండింటి వైరుధ్యమును పండితులు రెండు విధములుగా వివరింతురు. రెండు వేర్వేరు మూలాధారములు ఇక్కడ కలిసినవని కొందరు. అమాలేకీయుడు బహుమానము కొరకు అబద్ధమాడెనని మరికొందరు. రెండవ వివరణయే మాకు సమంజసముగా తోచుచున్నది. 31:5లో సౌలు చనిపోయిన సంగతి ఆయుధములు మోయువాడు చూచెనని గ్రంథకర్త తన సొంత మాటగా చెప్పుచున్నాడు. అమాలేకీయుని కథ అతని నోటనే ఉన్నది. గ్రంథకర్త దానిని ఎక్కడను ధ్రువపరచలేదు. సౌలును విలుకాండ్రు గాయపరచిరని 31వ అధ్యాయము చెప్పుచుండగా, అమాలేకీయుడు రథములను, రౌతులను గూర్చి చెప్పుచున్నాడు.

ఈ వివరణ సరియైనదైతే, కారుణ్య మరణమునకు దృష్టాంతముగా మనము చూపుచున్న సంఘటన అసలు జరుగనే లేదు. జరుగని కారుణ్య హత్యపై సిద్ధాంతము కట్టుచున్నామని మొదట ఒప్పుకొనవలెను. మూలాధారముల వివరణనే అంగీకరించినను, దావీదు తీర్పు దేనిపై ఆధారపడినదను ప్రశ్న మిగిలియే యుండును.

3. మూలభాష చెప్పునది

నిర్గమ. 20:13లో ఉన్న హెబ్రీ క్రియ “రాత్సహ్”. 2 సమూ. 1లో ఆ క్రియ ఒక్కసారియు రాదు. అక్కడ ఉన్నది “మూత్”, అనగా చనిపోవు, అను ధాతువు యొక్క పోలేల్ రూపము. న్యాయాధిపతులు, సమూయేలు గ్రంథముల కథనములలో ఈ రూపము యుద్ధరంగములోనే కనబడును. స్త్రీ వేసిన తిరుగటిరాయి తగిలి కపాలము పగిలిన అబీమెలెకు తన ఆయుధములు మోయువానిని కోరినది ఇదే (న్యాయా. 9:54). యోనాతాను పడగొట్టినవారిని అతని వెనుక వచ్చినవాడు చేసినది ఇదే (1 సమూ. 14:13). రాయి దెబ్బకు పడిన గొల్యాతును దావీదు చేసినది ఇదే (1 సమూ. 17:51). పడినవానిని పూర్తిగా కడతేర్చుట అని దీని భావము.

సౌలు తనకు కలిగినదని చెప్పినట్లు అమాలేకీయుడు వాడిన “షాబాత్స్” అను నామవాచకము హెబ్రీ బైబిలులో ఈ ఒక్కచోటనే ఉన్నది. అది వేదనయో, వణుకో, తల తిరుగుటయో నిశ్చయముగా చెప్పుట కష్టము. సెప్టువజింతు అనువాదకులు దానిని భయంకరమైన చీకటి అని తర్జుమా చేసిరి. అర్థమే నిశ్చయము కాని ఒక్క పదమును పట్టుకొని, “భరింపరాని బాధ కూడ కారణము కాదని బైబిలు చెప్పుచున్నది” అని వాదించుట వ్యాఖ్యాన నియమములకు తగదు.

4. దావీదు ఏ కారణముచేత శిక్షించెను?

దావీదు అడిగిన ప్రశ్న 1:14లో స్పష్టముగా ఉన్నది. యెహోవా అభిషేకించినవానిని చంపుటకు నీవెట్లు భయపడలేదని అతడు అడుగుచున్నాడు. రోగి సమ్మతి, బాధ తీవ్రత అక్కడ చర్చకు రాలేదు. గుహలో సౌలు వస్త్రపు చెంగు కోసినప్పుడు (1 సమూ. 24), పాళెములో అతని ఈటె తీసికొనిపోయినప్పుడు (1 సమూ. 26) తనను తాను అడ్డుకొనిన నియమమునే దావీదు ఇక్కడ ఇతరునికి అన్వయించుచున్నాడు. ఇది అభిషేకమును గూర్చిన తీర్పు. సామాన్య రోగికి దీనిని నేరుగా అన్వయింపలేము.

మరియొక సంగతి ఉన్నది. మన ప్రసంగములు దానిని తరచుగా దాటిపోవుచున్నవి. అమాలేకీయుడు వట్టి చేతులతో రాలేదు. సౌలు తలమీది కిరీటమును, చేతి కంకణమును తెచ్చెను (1:10). తరువాత ఈ సంఘటనను దావీదు జ్ఞాపకము చేసికొనినప్పుడు, శుభవార్త తెచ్చితినని తలంచి బహుమానము ఆశించినవానిగానే అతనిని వర్ణించుచున్నాడు (4:10). చనిపోవుచున్నవాని ప్రక్కన దయ చూపినవాడనని చెప్పుకొనుచున్నవాడు ఆ చావునుండి లాభము పొందబోవుచున్నాడు. సమ్మతి ఇచ్చినవాడు చనిపోయెను. ఆ సమ్మతికి సాక్షి లాభము పొందువాడే. నేటి చర్చకు ఈ వాక్యభాగము నిజముగా ఇచ్చునది ఈ హెచ్చరికయే: రోగి ఏమి కోరెనని అడుగుట చాలదు, ఆ కోరికను మనకు చెప్పుచున్నవాని చేతిలో ఏమున్నదో చూడవలెను.

5. ఎదుటి పక్షపు పొరపాటు

దీనికి వ్యతిరేకముగా వాదించువారును లేకపోలేదు. దావీదు విలాపగీతములో (1:17-27) సౌలును నిందింపలేదు, అతని మరణవిధానమును తప్పుపట్టలేదు. కావున గౌరవముగా చనిపోవు హక్కును లేఖనము ఒప్పుకొనుచున్నదని వారి వాదన. ఇదియు నిలువదు. గ్రంథకర్త మౌనము అనుమతి కాదు. సౌలును పొడుచుటకు ఆయుధములు మోయువాడు భయపడి ఒప్పుకొనలేదని అదే గ్రంథకర్త వ్రాసెను (1 సమూ. 31:4). పైగా సౌలు భయపడినది రోగబాధకు కాదు, శత్రువులు తనను అవమానపరతురని.

అయితే ఆ మౌనములో సంఘకాపరులకు వేరొక పాఠమున్నది. తన చేతులతో ప్రాణము తీసికొనినవానికి కూడ విలాపమును, గౌరవముతో కూడిన సమాధిని లేఖనము నిరాకరింపలేదు. ఆత్మహత్య చేసికొనినవాని శవమునకు ప్రార్థన చేయుటకు నిరాకరించు కాపరులు మన మధ్య ఇంకను ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారని భావించి, వారికి చికిత్స అందించవలెనని నిర్దేశించినది. ఈ విషయములో దేశ చట్టము చూపిన కనికరము మన ఆచారమునకు ఉన్నదా?

6. మరణమును కోరినవారికి దేవుని జవాబు

మరణమును అడిగినవారి కథలకు కారుణ్య మరణ చర్చలో సౌలు కథకంటె ఎక్కువ చోటు ఇవ్వవలెనని మా ప్రతిపాదన. ప్రజల భారము ఒంటరిగా మోయలేనని, దానికంటె తనను చంపుట మేలని మోషే దేవునితో చెప్పెను (సంఖ్యా. 11:14-15). దేవుడు అతనిని చంపలేదు, గద్దింపను లేదు. భారము పంచుకొనుటకు డెబ్బదిమంది పెద్దలను ఇచ్చెను. బదరీవృక్షము క్రింద ఏలీయా చావు కోరెను (1 రాజులు 19:4-8). అతనికి దొరికినది నిద్ర, రొట్టె, నీళ్లు, తట్టిలేపిన దూత. ఉపదేశము తరువాత వచ్చెను, ఆహారము ముందు వచ్చెను.

మరణము కావలెనను మొర వెనుక చాలసార్లు ఒంటరితనమును, మోయలేని భారమును ఉన్నవని ఈ భాగములు చూపుచున్నవి. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్ క్రైస్తవ విశ్వాసముతోనే ఈ మార్గమున నడిచెను. శరీర బాధ, మానసిక బాధ, కుటుంబ బాధ, ఆత్మీయ బాధ ఒకటిగా కలిసియుండునని, అన్నిటికి కలిపి చికిత్స చేయవలెనని ఆమె బోధించెను. మన దేశములో 2008లోనే కేరళ రాష్ట్రము ఉపశమన చికిత్సకు ప్రత్యేక విధానమును ప్రకటించినది. క్యాన్సరు నొప్పికి ముఖ్యమైన మార్ఫిన్ మందు 1985 మాదకద్రవ్యముల చట్టము నిబంధనల వలన రోగులకు దొరకుట కష్టమైయుండెను. 2014లో ఆ చట్టమును సవరించి మార్గము సులభము చేసిరి. అయినను గ్రామములోని రోగికి ఆ మాత్ర అందుట నేటికిని సులువు కాదు. నొప్పి తగ్గించు మాత్ర దొరకని చోట చావు కోరుకొనుటను స్వేచ్ఛ అని పిలుచుట న్యాయమా?

7. న్యాయస్థానపు తీర్పులను గూర్చి

ఈ వెలుగులో మన న్యాయస్థానముల తీర్పులను చదువవలెను. జీవించు హక్కులో చనిపోవు హక్కు ఇమిడి లేదని 1996లో గియాన్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. 2011 మార్చి 7న అరుణా షాన్‌బాగ్ కేసులో తీర్పు వచ్చినది. ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు అయిన అరుణ 1973 నవంబరు 27న దౌర్జన్యమునకు గురియై మెదడు దెబ్బతిని మంచమునకే పరిమితమాయెను. ఆమెకు ఆహారము ఇచ్చుట ఆపవలెనని ఒక రచయిత్రి కోరగా, ఆసుపత్రి నర్సులు వ్యతిరేకించిరి. ఆమె తరపున మాటలాడు అర్హత ఎన్నో ఏండ్లుగా ఆమెను చూచుకొనిన ఆసుపత్రి సిబ్బందికే ఉన్నదని కోర్టు నిర్ణయించినది. 2015 మే 18న న్యుమోనియాతో ఆమె మరణించువరకు, సుమారు 42 సంవత్సరములు ఆమెను కడిగి, తినిపించినది ఆ నర్సులే.

రోగి ప్రక్కన నిలిచియున్నవారు ఎవరను ప్రశ్నకు 2011 తీర్పు ప్రాముఖ్యత ఇచ్చినది. 2018 తీర్పు ముందుంచినది రోగి యొక్క స్వయంనిర్ణయమును. రాజ్యాంగము 21వ అధికరణములోని గౌరవము, వ్యక్తిగత గోప్యత దాని పునాదులు. ముందుగానే వ్రాసి ఉంచుకొను వైద్య నిర్దేశ పత్రమునకు, అనగా లివింగ్ విల్లుకు, అది చట్టబద్ధత ఇచ్చినది. 2023 జనవరి 24న విధానమును సులభము చేసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకము చేసి నోటరీ లేక గెజిటెడ్ అధికారి ధ్రువపరచిన చాలునని, రెండు వైద్య బృందములు సాధ్యమైనంతవరకు 48 గంటలలో అభిప్రాయము చెప్పవలెనని సవరించినది.

ఈ ఏర్పాటును విశ్వాసి తృణీకరింపనవసరము లేదు. ఫలము లేని చికిత్సను నిరాకరించుట హత్యయు కాదు, ఆత్మహత్యయు కాదు. అసాధారణ సాధనములను వాడి తీరవలెనను బాధ్యత రోగికి లేదని రోమన్ కతోలిక సంఘ పక్షమున పోపు పన్నెండవ పయస్ 1957లోనే చెప్పియుండెను. అయినను రెండు ఆక్షేపణలు మాకున్నవి.

మొదటిది వేదాంతపరమైనది. నా జీవము నా సొత్తు గనుక నా ఇష్టమను వాదమును మనము ఒప్పుకొనలేము. మనము బ్రదికినను చనిపోయినను ప్రభువుకు చెందినవారము (రోమా. 14:8). విశ్వాసి చికిత్సను మానుకొనునది తన ప్రాణముపై యజమానియై కాదు, దానిని ఇచ్చినవానికి తిరిగి అప్పగించు గృహనిర్వాహకుడై. కాగితము ఒకటే కావచ్చును, సంతకము వెనుకనున్న విశ్వాసము వేరు.

రెండవది మన పరిస్థితులకు సంబంధించినది. మన పట్టణములలో అధిక కుటుంబములకు చివరి నిర్ణయము జరుగునది నోటరీ ఎదుట కాదు, బిల్లు కౌంటరు ఎదుట. తాకట్టు పెట్టుటకు బంగారము, అమ్ముటకు పొలము అయిపోయిన దినమున, వైద్యుల సలహాకు విరుద్ధముగా తీసికొనిపోవుచున్నామని సంతకము చేసి రోగిని ఇంటికి తెచ్చుచున్నారు. అది స్వయంనిర్ణయమని మేము అనలేము, హత్య అని అసలే అనలేము. మరొక ప్రక్క, ఆస్తి పంపకము కొరకు తొందరపడు చేతులును ఉన్నవి. కిరీటమును, కంకణమును గూర్చిన హెచ్చరిక అచ్చటనే పనికివచ్చును.

8. ఒక కఠినమైన పరీక్ష

లాభాపేక్ష ఉన్నదా లేదా అనునది ఒక్కటే కొలత అయినచో చాలునా? చాలదని 2004 డిసెంబరులో హైదరాబాదులో జరిగిన సంఘటన చూపుచున్నది. కండరములు క్షీణించు వ్యాధితో చివరి దశలోనున్న 25 ఏండ్ల యువకుడు, తన అవయవములు పాడుకాకముందే వాటిని దానము చేసి చనిపోవుటకు అనుమతి కోరెను. తల్లి అతని పక్షమున ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించెను. మెదడు మరణము సంభవింపకముందు అవయవములు తీయుటకు చట్టము ఒప్పుకొనదు గనుక కోర్టు నిరాకరించినది. అదే నెలలో అతడు మరణించెను.

ఇది అమాలేకీయుని కథకు పూర్తిగా భిన్నము. ఇక్కడ ఎవరును కిరీటము తీసికొనిపోవుటలేదు, చనిపోవుచున్నవాడే ఇవ్వగోరుచున్నాడు. ఆ కోరికలోని త్యాగమును తక్కువ చేయుటకు మాకు నోరు రాదు. అయినను కోర్టు నిర్ణయము సరియైనదని మా అభిప్రాయము. ఆ దానము నెరవేరవలెనన్న వైద్యుడు బ్రదికియున్న మనుష్యుని తన చేతులతో చంపవలసియుండును. ఇచ్చువాని ప్రేమ చేయువాని క్రియను మార్చదు. కాబట్టి ఉద్దేశము, క్రియ, ప్రక్కన నిలిచినవాని స్థితి – ఈ మూడింటిని కలిపియే తూచవలెను. ఒక్క దానితో తీర్పు చెప్పు ప్రసంగము ఎటు చెప్పినను తప్పిపోవును.

9. యాబేష్గిలాదువారు

గిల్బోవ కథలో అమాలేకీయునితో పోల్చి చూడవలసినవారు మరికొందరున్నారు. సౌలు శవమును ఫిలిష్తీయులు బేత్షాను గోడకు తగిలించిరని విని, యాబేష్గిలాదు బలశాలులు రాత్రి అంతయు నడిచి వెళ్లి, ఆ శవములను దింపి తెచ్చి, ఎముకలను పాతిపెట్టి ఏడు దినములు ఉపవాసముండిరి (1 సమూ. 31:11-13). నాహాషు చేతినుండి ఒకప్పుడు సౌలు తమను విడిపించిన ఋణము వారు మరువలేదు (1 సమూ. 11). వారికి బహుమానము ఇచ్చువాడెవడును లేడు, ప్రాణాపాయము మాత్రమున్నది. దావీదు వారిని దీవించి, వారు చేసినదానిని “హెసెద్” అని పిలిచెను (2 సమూ. 2:5). దయ అనుటకు హెబ్రీయులు వాడిన ఈ గొప్ప పదము ఈ కథలో అమాలేకీయునికి దక్కలేదు, వీరికి దక్కెను.

ముగింపు

మా పరిశీలన ఫలితములను సంగ్రహముగా చెప్పుచున్నాము. 2 సమూ. 1:1-16 కారుణ్య మరణమును ఖండించుటకు గాని సమర్థించుటకు గాని వ్రాయబడినది కాదు. చికిత్స ఆపుటకు దానిని అన్వయించుట నిరాధారము. ప్రాణము తీయుటను మనము వ్యతిరేకించునది దేవుడే ప్రాణమునకు యజమానుడను సమగ్ర లేఖన బోధ ఆధారముగానే. అందుకు దావీదు కత్తి అవసరము లేదు.

సంఘకాపరులకు మూడు మనవులు. మొదటిది, వెంటిలేటరు తీయవచ్చునా అని కుటుంబము అడిగినప్పుడు వెంటనే వచనము చెప్పక, ఈ చికిత్స స్వస్థపరచుచున్నదా లేక మరణమును వాయిదా వేయుచున్నదా అని వైద్యుని అడుగుటకు వారికి తోడు వెళ్లవలెను. రెండవది, రోగి మాటలాడగలిగినప్పుడే అతని మనస్సు తెలిసికొనుటకు సహాయము చేయవలెను. కుటుంబములో మాటలాడలేని కోడలును, పెండ్లికాని కుమార్తెయు ఏమనుకొనుచున్నారో కూడ వినవలెను. మూడవది, సంఘ నిధిలో కొంత భాగము మార్ఫిన్ మాత్రలకు, రాత్రి కాపలా ఉండువారి బస్సు ఛార్జీలకు కేటాయింపవలెను. ఈ మూడవది చేయని సంఘము మొదటి రెండింటిని గూర్చి మాటలాడునప్పుడు, మంచముమీద ఉన్నవాడు ఆ మాట నమ్మడు.